మాస్టారి ఒక్క చుక్క పొగాకు

మొన్న తెనాలి బస్టాండు బయట చుట్టలమ్మే ముసలమ్మ బుట్ట మీద కప్పిన తడి గోనెపట్టా తీసింది. ఆకు వాసన గుప్పున లేచింది. బెల్లం నీళ్లూ, ఎండు గడ్డీ, ఎక్కడో అడుగున కొంచెం కొత్త చెప్పుల తోలూ. నేను పొగ తాగను. అయినా ఆ వాసనలో ఏమేం ఉన్నాయో విడదీసుకుంటూ, దానికి నాలుగు చుక్కల్లో ఎన్ని ఇవ్వాలా అని లెక్క వేసుకుంటూ నిలబడిపోయాను. ఈలోగా నేను ఎక్కవలసిన రేపల్లె బస్సు వెళ్లిపోయింది. నలభై అయిదు దాటిన మనిషికి ఈ పిచ్చి అంటించింది బాపట్ల దేవసహాయం మాస్టారు. ఆయన గురించి మంచి మాటలు చెప్పగలిగినవాళ్లు చాలామంది ఉన్నారు. నేను మాత్రం ఆయనకు చేసిన తప్పును పక్కనబెట్టి ఆయన గురించి రాయలేను.

రెండువేల నాలుగు, అయిదు ప్రాంతాల్లో బాపట్లలో నాకొక నెట్ సెంటర్ ఉండేది. అయిదు కంప్యూటర్లు, వాటి మధ్య ప్లైవుడ్ అడ్డుగోడలు, కరెంటు పోయిందంటే అందరం రోడ్డు మీదికి. వచ్చేవాళ్లంతా పరీక్షా ఫలితాల కోసమో, ఉద్యోగం దరఖాస్తుల కోసమో వచ్చేవాళ్లే. ఒకరోజు పొద్దున్నే ఒక పొడుగాటి పెద్దాయన చేతిలో రూళ్ల పుస్తకంతో, చొక్కా జేబులోంచి తొంగిచూస్తున్న పొగపైపుతో లోపలికి వచ్చారు. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. చర్చి మిషన్‌లో పనిచేసిన ఒక దొర తన దేశానికి తిరిగి వెళ్తూ తన పైపును ఆయన చేతిలో పెట్టి వెళ్లాడట. అప్పటి నుంచీ దాన్ని వదల్లేదు. పాత శిష్యుల్లో ఎవరు విదేశాలకు వెళ్లి వచ్చినా ఆయనకొక పొగాకు డబ్బా తేవడం ఆనవాయితీ.

ప్రపంచంలో పైపు తాగేవాళ్లంతా తాము తాగిన రకం ఎలా ఉందో రాసి, మార్కుల్లా నాలుగింటికి ఇన్ని చుక్కలని, అంటే స్టార్లని, ఇచ్చే వెబ్‌సైటు ఒకటి ఉందని ఎవరో చెప్పారట. ఆయన చక్కని ఇంగ్లీషులో రాసుకొచ్చారు. టైపు మాత్రం రాదు. అది నా పని. మొదటి కాగితం చూసి నాకు నవ్వొచ్చింది. పొగాకు పేరు కింద ఇలా ఉంది: ఇవాళ గోంగూర పచ్చడి తిన్నాను. రెండు రోజులుగా జలుబు. సముద్రం వైపు గాలి, చెమ్మ. డబ్బా శిష్యుడు ఊరికే ఇచ్చాడు, కాబట్టి కొంత మొహమాటం ఉండవచ్చు.

“ఇవన్నీ ఎవరిక్కావాలి మాస్టారూ? పొగాకు గురించి రాస్తే చాలు గదండీ.”

“పొగాకు గురించే రాశానయ్యా. జలుబున్న ముక్కు చెప్పిన మాటని జలుబున్న ముక్కు మాటగానే చదవాలి. అది దాచిపెట్టి చుక్కలొక్కటే చూపిస్తే మోసం గదా.”

ఆ తర్వాత వారానికి రెండుసార్లు వచ్చేవారు. వచ్చినప్పుడల్లా నా సెంటర్‌లో పండగ వాతావరణమే. ఒకే డబ్బా గురించి ఇద్దరు రాసింది పక్కపక్కన పెట్టించుకుని చదివేవారు. ఒకడు స్వర్గమన్నాడు, నాలుగు చుక్కలు. ఇంకొకడు మా బామ్మ సబ్బుపెట్టెలా ఉందన్నాడు, ఒక్క చుక్క. మాస్టారికి ఆనందం పట్టేది కాదు. కుర్చీలోంచి లేచి నిలబడి, “చూడు శీనూ, ఇద్దరూ నిజమే చెప్పారు. ఎంత బాగుందో చూడు. ఆ బామ్మ మీద వీడికి ప్రేముంటే మూడు చుక్కలిచ్చుండేవాడు,” అనేవారు. పక్క కంప్యూటర్ల దగ్గర ఫలితాలు చూసుకుంటున్న పిల్లలు కూడా వచ్చి తొంగిచూసేవాళ్లు. పొగాకు సంగతి అటుంచి, మనుషులు తమ నాలుక మీదున్నదాన్ని మాటల్లో పెట్టడానికి ఇంత అవస్థ పడతారని నాకు అప్పుడే తెలిసింది. అది నాకు పెద్ద ఉత్సాహం. ఆయన రాని రోజు సెంటర్ బోసిపోయేది.

ఒక సాయంత్రం వాళ్ల వరండాలో కొత్త డబ్బా మూత తీశారు. పైపు వెలిగించి రెండు దమ్ములు లాగి, తుడిచి నా చేతికిచ్చారు. ఒక్క దమ్ముకే దగ్గు ముంచుకొచ్చింది. కళ్లలో నీళ్లు.

“ఎట్టా ఉంది?” అన్నారు.

“బాగుందండి.”

“అది నాకిచ్చిన మర్యాద. వాసన చెప్పు.”

ఏం చెప్పాలో తెలియక, “వర్షంలో తడిసిన గోనెసంచిలా ఉందండి,” అన్నాను. తిడతారనుకున్నాను. ఆయన పైపు బల్ల మీద పెట్టి పుస్తకం అందుకుని గబగబా రాసుకున్నారు. “గోనెసంచి. అదే. వారం నించీ వెతుకుతున్నా ఆ మాట కోసం.” కింద బ్రాకెట్లో నా పేరు కూడా వేశారు. లోపల్నుంచి వాళ్లావిడ రత్నమ్మగారు మజ్జిగ గ్లాసులు తెస్తూ, “ఆ డబ్బాలన్నిటికీ నా లెక్కలో సున్నా శీనూ. రాసుకోమను. నా కర్టెన్ల వాసన ఎవరు చూస్తారు,” అన్నారు. మాస్టారు అది కూడా రాశారు. రత్నమ్మగారి అభిప్రాయం అన్న శీర్షికతో సహా.

ఇంత ఇచ్చిన మనిషికి నేను చేసింది ఇది. ఆ సైటులో ప్రతి రాత కింద, ఇది ఉపయోగపడిందని చదివినవాళ్లు నొక్కే మీట ఉండేది. మాస్టారి రాతల కింద ఎవరూ నొక్కేవారు కాదు. ముప్పై ఏళ్లు పరీక్ష పేపర్లు దిద్దిన చెయ్యి కాబట్టి రెండు చుక్కలు దాటేది కాదు. ఎక్కువ డబ్బాలకు ఒక్కటే. పైగా వాసన గురించి రాస్తే కాల్చిన తాటితేగ అనో, మాగాయ టెంక అనో రాసేవారు. తేగంటే ఏమిటో దూరదేశంలో ఎవరికి తెలుస్తుంది? మా మాస్టారు ఎవరికీ పట్టని ముసలాయనలా ఒక మూల పడి ఉన్నారని నాకు చిన్నతనంగా ఉండేది. నిజం చెప్పాలంటే ఆయన కోసం కాదు, ఆయన్ను టైపు చేసేది నేను కాబట్టి.

ఒకరోజు గోంగూరా జలుబూ తీసేశాను. కాల్చిన తేగను కాల్చిన చెస్ట్‌నట్ చేశాను. తడి గోనెను ఓక్ చెక్క చేశాను. మిగతావాళ్లంతా అవే రాస్తున్నారు. చెస్ట్‌నట్ చెట్టుకు కాస్తుందో, నేలలో ఊరుతుందో నాకు తెలియదు. ఒక్క చుక్కను మూడు చేశాను. నాలుగు రోజుల్లో ఏడుగురు మీట నొక్కారు. నాకు ఒళ్లు తేలిపోయింది. ఇక ప్రతిదీ అలాగే మార్చసాగాను. మాస్టారు తన పాత రాతలు తెరిచి చూసుకునేవారు కాదు. ఆ అంకె మాత్రం నేనే చూపించేవాణ్ని. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసి, “ఎవరో చదువుతున్నారయ్యా,” అన్నారు. ఆ మొహం చూశాక నిజం చెప్పే దారి మూసుకుపోయింది. మూసింది నేనే.

ఆరు నెలల తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం మాస్టారి వరండాలో ఉన్నప్పుడు ఒకాయన వెతుక్కుంటూ వచ్చాడు. పేరు కోటేశ్వరరావు. భట్టిప్రోలులో పుట్టి రేపల్లెలో ఇల్లు కట్టుకున్నాడు. సరుకు ఓడల్లో ఇంజినీరు. రాతల పక్కనున్న ఊరి పేరు పట్టుకుని, బాపట్లలో పైపు తాగే మాస్టారు ఎవరని బస్టాండులో అడిగితే ఇల్లు చూపించారట. రెండు డబ్బాలు బల్ల మీద పెట్టి, మాస్టారిని పైనించి కిందికి చూసి, “అమ్మయ్య, బానే ఉన్నారండి,” అన్నాడు.

“ఏంటయ్యా, నాకేమయిందనుకున్నావు?”

“చెప్తానండి. ఓడ ఏ రేవులో ఆగినా నేను మీ రాతలు చదువుతానండి. తేగ, మాగాయ అని చూసి మనోడేనని పట్టుకున్నా. కానీ ఒకటి చెప్తే ఏమీ అనుకోకూడదు. మీకు నచ్చిందేదీ నాకు ఇంతవరకూ నచ్చలేదండి.”

“మరి ఎందుకు చదవడం?”

“అందుకేనండి. మీరు మాగాయ టెంక కంపని తిట్టి ఒక్క చుక్క పెట్టారంటే, అది నాకోసం చేసిందే. కళ్లు మూసుకుని కొనేసేవాణ్ని. ఒక్కసారి గురి తప్పలేదు.”

మాస్టారు నవ్విన నవ్వుకి పైపు ఆరిపోయింది. “రత్నం, ఇటురా. నా రాతలు పనికొచ్చిన మొదటి మనిషి వచ్చాడు. నా నాలుక తప్పని నమ్ముకుని బతుకుతున్నాడు,” అని కేకేశారు. రత్నమ్మగారు గుమ్మంలోకి వచ్చి, “ఆ నమ్మకం నాకు పెళ్లయిన ఏడాదికే కుదిరింది బాబూ, కూర్చో,” అన్నారు. ఆ కొద్ది నిమిషాలు ఆ వరండాలో ఉన్నంత సంతోషం నేను మరెక్కడా చూడలేదు. తర్వాత కోటేశ్వరరావు గొంతు తగ్గించాడు.

“ఈ ఆర్నెల్ల నించే గందరగోళమండి. అన్నిటికీ మూడేసి చుక్కలు. చెస్ట్‌నట్లు, ఓకులు. జలుబు మాటే లేదు. మాస్టారికి ఒంట్లో బాలేదేమో, అసలు పోయారేమో, ఆ పేరుతో ఇంకెవరో రాస్తున్నారేమో అనుకున్నా. సెలవు దొరగ్గానే చూసిపోదామని వచ్చానండి.”

మాస్టారు నా వైపు తిరిగారు. చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం రాదని నాకు తెలుసు. “ఆ సైటు వాళ్లు దిద్దుతారేమోనండి,” అన్నాను. ఆయన “అలాగా,” అని ఊరుకున్నారు. నేను మార్చిన చుక్కల కంటే నేనాడిన ఆ ఒక్క అబద్ధం నన్ను ఎక్కువ సిగ్గుపడేలా చేస్తుంది, ఇప్పటికీ.

మర్నాడు పొద్దున్నే వాళ్లింటికి వెళ్లాను. ఆయన కుండీలకు నీళ్లు పోస్తున్నారు. నిలబడే అంతా చెప్పేశాను. ఆయన చెంబు కింద పెట్టి అడిగిన మొదటి ప్రశ్న ఇది:

“చెస్ట్‌నట్ ఎట్టా ఉంటుందో నీకు తెలుసా?”

“తెలీదండి.”

“నాకూ తెలీదు. మరి ఎవరు తిన్నారయ్యా?”

ఆయన అరుగు మీద కూర్చున్నారు. “నన్ను మంచివాణ్ని చేద్దామనుకున్నావు. ఆ కోటేశ్వరరావుకి నా మంచితనం ఎందుకు? నా నాలుక కావాలి. అది వంకరే. ఎప్పుడూ ఒకే వంకరని నమ్మాడు. నువ్వు దాన్ని తిన్నగా చేసి ఎవరికీ పనికిరాకుండా చేశావు.” మళ్లీ చెంబు అందుకుని, “ఆ అంకె చూసి నేనెంత సంతోషించానో తల్చుకుంటే నీ మీద కన్నా నా మీదే ఎక్కువ కోపంగా ఉంది,” అన్నారు.

నన్ను రావద్దనలేదు. సెంటర్‌కి రావడమూ మానలేదు. కానీ ఆ రోజు నుంచి తనే రెండో కంప్యూటర్ ముందు కూర్చుని, ఒక్క వేలితో అక్షరం అక్షరం వెతుక్కుంటూ నేను మార్చినవన్నీ తిరిగి రాశారు. చెస్ట్‌నట్ తీసి తేగ పెట్టారు. మూడు చెరిపి ఒకటి పెట్టారు. సాయం చేస్తానంటే “వద్దులే శీనూ, నీకు పనుంటుంది,” అనేవారు. మాటలో ఏ తేడా లేదు. ఆ ఒక్క వేలి చప్పుడు మాత్రం రెండు నెలలు నా గల్లాపెట్టె దాకా వినిపించింది. నొక్కే మీట కింద అంకెలు మళ్లీ పెరగలేదు. ఆయన వాటి వైపు చూడలేదు.

మరుసటి ఏడాది ఆయన కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. కంప్యూటర్ చూడొద్దన్నారు డాక్టర్లు. నేను చూడ్డానికి వెళ్తే కంటికి పచ్చ గుడ్డ కట్టుకుని వరండాలో కూర్చున్నారు. కోటేశ్వరరావు తెచ్చిన రెండో డబ్బా అప్పుడే తెరిచారట. మడిచిన కాగితాలు నా చేతిలో పెట్టి, “పెట్టేసెయ్,” అన్నారు.

“ఒకసారి చదివి వినిపించమంటారా మాస్టారూ?”

“ఎందుకు? రాసింది నేనేగా.”

సెంటర్‌కి వచ్చి తలుపు దగ్గరగా వేసి కూర్చున్నాను. కంటికి కట్టు, మందుల చేదు, అన్నీ పైనే రాశారు. ఒక్క చుక్క ఇచ్చారు. ఏ రేవులో చదువుకున్నా కోటేశ్వరరావు ఎగిరి గంతేస్తాడు. అన్నిటికన్నా కింద, చుక్క తర్వాత, నాలుగు వాక్యాలున్నాయి. “ఇది నేను టైపు చేయలేదు. చేసినవాడు ఒకప్పుడు నా మాటలు మార్చాడు. అందువల్ల చదివేవారికి అనుమానం ఉంటే అది న్యాయమే. నాకు లేదు.”

ఆ నాలుగు వాక్యాలు వదిలేస్తే ఆయనకు ఎన్నటికీ తెలియదు. లోకమంతా చదివే చోట నా తప్పును నా చేత్తోనే పెట్టాలి. పెడితేనే చివరి రెండు మాటలు నిజమవుతాయి. ఇప్పుడు నేను దుగ్గిరాల మార్కెట్ యార్డులో పసుపు నాణ్యం చూసి రాసే పనికి వచ్చి చాలా ఏళ్లయింది. మాస్టారు పోయి కూడా చాలా ఏళ్లయింది. ఇవాళ్టికీ ఏ కాగితం మీద ఏ అభిప్రాయం రాయబోయినా ఆ నాలుగు వాక్యాలే గుర్తొస్తాయి. ఆ రోజు మొదటి మూడు వాక్యాలు ఉన్నవి ఉన్నట్టు కొట్టాను. నాలుగోదాని దగ్గర తెర మసకబారింది. కళ్లు తుడుచుకుని, ఆయనలాగే ఒక్క వేలితో కొట్టాను: నాకు లేదు.