పేటలో బోరు

ఆ కారు ఎందుకు కొన్నానో ఇప్పటికీ నాకు తెలియదు. అడిగినవాళ్లందరికీ తలా ఒక కారణం చెప్పాను. ఒక్కటీ నిజం కాదు. చిలకలూరిపేటలో జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పుకునేవాణ్ణి. స్కూటరుంది. ఇంటి నుంచి కాలేజీకి నడిచినా పది నిమిషాలు పట్టదు. అలాంటివాణ్ణి, రెండువేల సంవత్సరం ఇంకా రాకముందు, ఒంగోలులో ఒక పొగాకు వ్యాపారి గోడౌన్లో టార్పాలిన్ కింద పడున్న పాత స్పోర్ట్స్ కారుని రెండు కొత్త స్కూటర్ల ధర పెట్టి కొనుక్కొచ్చాను. రెండే తలుపులు, రెండే సీట్లు, ఎర్ర రంగు. ఎంత కిందికి ఉండేదంటే, దిగాలంటే ముందు ఒక చెయ్యి రోడ్డు మీద ఆనించాల్సి వచ్చేది.

మా ఆవిడ దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "పిల్లలెక్కడ కూర్చుంటారండీ?" అంది.

మాకు ఇద్దరు పిల్లలు. కొనేటప్పుడు ఆ సంగతి నాకు గుర్తు రాలేదంటే నమ్మండి.

కొన్న ధర ఒక్కసారే. ఆ తర్వాత ఖర్చుంది చూశారూ, అది తడిసి మోపెడయింది. పేటలో అలాంటి కారుని బాగుచేసేవాడెవడు? హైవే పక్కన లారీలు చేసే మేస్త్రి ఒకాయన ఉండేవాడు. శుక్రవారం మధ్యాహ్నం తప్ప ఎప్పుడు వెళ్లినా ఏదో ఒక లారీ కింద ఆయన కాళ్లు కనిపించేవి. నా కారుని చూసి మొదట నవ్వాడు. తర్వాత నవ్వడం మానేశాడు. క్లచ్ ప్లేటు బొంబాయి నుంచి పార్సిల్లో తెప్పిస్తే అది వేరే బండిదని తేలేది. తలుపుల రబ్బర్లు మద్రాసు నుంచి వచ్చేలోపు వర్షాకాలం వచ్చేది. బయట వాన వెలిశాక కూడా కారులో కాసేపు కురిసేది. హెడ్‌లైట్లు బానెట్లోంచి పైకి లేచే రకం. వాటిలో ఎడమది లేచేది కాదు. స్విచ్చి వేస్తే కారు కన్ను కొట్టినట్టుండేది. ఆడపిల్లల హాస్టలు ముందునుంచి రోజూ అలా వెళ్లే లెక్కల మాస్టారి పరువేం కాను? మేస్త్రి జాలిపడి లారీ వైపర్ మోటారు తెచ్చి బిగించాడు. అప్పట్నుంచి రెండు కళ్లూ ఆగకుండా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండేవి.

"ఇంట్లో నెలకో పురుడొచ్చినట్టుందండీ" అనేది మా ఆవిడ.

ఒకరోజు ఉండబట్టలేక, "ఇంకెంతవుద్ది మేస్త్రీ దీనికి?" అని అడిగాను.

"దీనికి అంతుండదు సార్. మీరు చాలన్నప్పుడు చాలు" అన్నాడు.

ఎప్పుడు చాలనాలో నాకు తెలిసేది కాదు. ఇంత పెట్టాక ఇప్పుడు ఆపితే పెట్టిందంతా దండగ కదా అనిపించేది. మళ్లీ పెట్టేవాణ్ణి. క్లాసులో పిల్లవాడెవడైనా ఇలాంటి లెక్క చేస్తే సున్నా వేసేవాణ్ణి.

మా అన్నయ్య పేటకి ఇరవై కిలోమీటర్ల దూరంలో, మార్టూరు వైపు పల్లెలో, మా ఇద్దరి నాలుగెకరాలూ చేసేవాడు. నల్లరేగడి. కాలవ చిట్టచివరి భూములు కాబట్టి నీళ్లు వస్తాయని చెప్పేవాళ్లేగానీ వచ్చేవి కావు. వాన మీద ఆధారపడి పత్తి వేసి రెండేళ్లు వరసగా దెబ్బతిన్నాడు.

"ఒరేయ్, బోరు వేయిద్దాంరా. సగం నేను పెట్టుకుంటా, సగం నువ్వు పెట్టు. నీళ్లుంటే మిరప వేసుకుంటా. లేకపోతే చేను కౌలుకిచ్చేసి నేను కూలికి పోవాల్సిందే" అనేవాడు.

"చూద్దాంలే అన్నయ్యా" అనేవాణ్ణి. నా దగ్గర నిజంగానే ఉండేవి కావు. ఎందుకుండేవి కావో మీకు అర్థమయ్యే ఉంటుంది. నాకే అర్థమయ్యేది కాదు.

ఆ ఏడు ఎండాకాలం పోయి వానలు మొదలయ్యేసరికి కారు నీలంగా పొగ వదలడం మొదలుపెట్టింది. పెట్రోలు కంటే ఇంజిన్ ఆయిలే ఎక్కువ తాగుతోంది. మేస్త్రి వాసన చూసి, "బోరుకొచ్చినట్టుంది సార్" అన్నాడు. ఇంజినులో సిలిండర్లు అరిగిపోతే వాటిని మళ్లీ తొలిచి కొత్త పిస్టన్లు వెయ్యాలి. దాన్ని మెకానిక్కులు బోరంటారు. చేలో నీళ్ల కోసం నేలని తొలిస్తే అదీ బోరే. ఈ రెండింటికీ ఒకే పేరు పెట్టిన మహానుభావుడెవడో గానీ నా కొంప ముంచాడు.

అప్పుడే చీటీ పాడుకున్న డబ్బు చేతికొచ్చింది. "విప్పి చూసి ఎంతవుద్దో ఇంటికి ఫోన్ చెయ్యి" అని మేస్త్రికి చెప్పి కాలేజీకి పోయాను. సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా ఆవిడ కబురు చెప్పింది.

"మీ అన్నయ్యగారు వచ్చారండీ. మేస్త్రి ఫోన్ చేస్తే ఆయనే తీశారు. బోరుకి ముప్పై వేలవుతుందట. నేను మిరప విత్తనాలు కొనుక్కుని పోతున్నానని వాడికి చెప్పమ్మా అన్నారు. భోంచెయ్యమన్నా ఆగలేదు. మంచి హుషారుగా ఉన్నారు."

నాకు ముప్పై వేలొక్కటే వినపడింది. మిరప విత్తనాలెందుకు కొన్నాడని అడగాలని కూడా తట్టలేదు. మర్నాడే డబ్బు పట్టుకెళ్లి మేస్త్రి చేతిలో పెట్టాను.

పిస్టన్లు రావడానికి నెల పైన పట్టింది. కారు చేతికొచ్చిన ఆదివారం, పొగ లేదు, చప్పుడు లేదు, ఆ ఉత్సాహంలో తిన్నగా మా ఊరెళ్లాను. అన్నయ్య చేలో ఉన్నాడంటే అక్కడికే పోనిచ్చాను. డొంక దారిలో రెండుసార్లు కారు అడుగు నేలకి గీసుకుంది. గట్టు మీద అన్నయ్య, పక్క చేను ఆసామి నిలబడి ఉన్నారు. ఆ ఆసామిని మేం వరసకి బాబాయ్ అంటాం. ఆయనకి బోరుంది. చేలో ఒకచోట పసుపూ కుంకుమా పెట్టిన గుంజ పాతి ఉంది. కొబ్బరికాయ చేతిలో పెట్టుకుని నీళ్లు చూసే మనిషిని పిలిపించి గుర్తు పెట్టించారట. దాని పక్కనే నాలుగు మళ్లలో జానెడెత్తున మిరపనారు.

"ఏమయ్యా, మీవాడు నారు కూడా పోశాడు. బోరెప్పుడు మరి?" అన్నాడు బాబాయ్.

"అయిపోయింది బాబాయ్, మొన్ననే" అన్నాను గొప్పగా.

"అయిపోయిందా? ఎక్కడ?"

"పేటలో."

"చేనిక్కడుంటే పేటలో బోరేంటయ్యా!"

నేను తెల్లమొహం వేశాను. ఆయన నన్ను చూశాడు, కారుని చూశాడు, గుంజని చూశాడు. తర్వాత కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. పక్క చేలల్లో వాళ్లు కూడా ఏంటేంటని వచ్చారు. నాకు ఒక్కో ముక్కే అర్థమవుతూ వచ్చింది. అన్నయ్య మాత్రం కాలి బొటనవేలితో మట్టి గీరుతూ, "నేనే ఫోన్లో సరిగా వినలేదులే. ఆ మేస్త్రి ముక్కుతో మాట్లాడాడు. మావాడి తప్పేం లేదు" అని అందరికీ చెప్పాడు. నన్ను ఒక్క మాట అనలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

సిగ్గు పేటకి చేరేసరికి కోపమైంది. మర్నాడు షెడ్డుకెళ్లి మేస్త్రి మీద విరుచుకుపడ్డాను. "ఫోన్లో కారు బోరని చెప్పాలా వద్దా? నీ మూలాన మా అన్నదమ్ముల మధ్య ఎంత వచ్చిపడిందో తెలుసా?"

ఆయన లారీ కిందనుంచి బయటికొచ్చి, గుడ్డతో చేతులు తుడుచుకుని నిదానంగా అన్నాడు. "చెప్పాను సార్. ఏ బోరయ్యా అని పెద్దాయన రెండుసార్లు అడిగారు. కారు ఇంజినుదండీ అనే చెప్పా. డబ్బులున్నాయా వాడి దగ్గర అన్నారు. రెడీగా ఉన్నాయట అన్నా. సరేలే అని పెట్టేశారు."

నా బుర్ర గిర్రున తిరిగింది. తెలిస్తే విత్తనాలెందుకు కొన్నాడు? కొబ్బరికాయ మనిషినెందుకు పిలిపించాడు? తెలిసి తెలిసి ఊరందరి ముందు తప్పు తన మీద ఎందుకు వేసుకున్నాడు? నన్ను నవ్వులపాలు చెయ్యాలనా? అలాంటి మనిషి కాదే! కారు అమ్మేద్దామని నలుగురికి చెప్పి చూశాను. నేను బోరుకి పెట్టిన దాంట్లో సగం కూడా ఎవరూ ఇస్తామనలేదు. అన్నయ్యని ఏమని అడగాలో కూడబలుక్కోవడానికే వారం పట్టింది.

మళ్లీ ఆదివారం వెళ్లేసరికి నాలుగెకరాలూ కౌలుకిచ్చేశాడు, బాబాయ్‌కే. నారు ముదిరితే పనికిరాదని దాన్ని కూడా ఆయనకే ఇచ్చేశాడు. బాబాయ్ బోరునుంచి మా చేలోకి పైపు లాగారు. ఆడవాళ్లు వరసగా నాటుకుంటూ పోతుంటే వాళ్ల వెనక అన్నయ్య మొక్క మొక్కకీ నీళ్లు పెడుతున్నాడు, రోజు కూలికి.

దగ్గరికి వెళ్లి అడిగేశాను. "అన్నయ్యా, ఫోన్లో చెప్పింది కారు బోరని నీకు తెలుసు కదా?"

"తెలుసు" అన్నాడు, పైపు మొక్క మొదట్లో పట్టుకునే.

"మరి నారెందుకు పోశావు?"

"నీ దగ్గర డబ్బుందని అప్పుడే తెలిసిందిరా. రెండేళ్లు నోటితో అడిగితే నీకు వినపడలా. నాలుగు రోజులాగి ఎటూ ఊరొస్తావు, నారు కంటపడితే ఆ డబ్బు ఇటు తెస్తావేమో అనుకున్నా. నువ్వేమో కారు బాగయ్యేదాకా రాలేదు."

"ఒక్క మాట చెప్పొచ్చుగా!"

తలెత్తి నా వైపు చూశాడు. కోపం లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. "చెప్తే కారు మానేసేవాడివా?"

మానేసేవాణ్ణా? ఔననబోయి ఆగాను. కాదని కూడా అనలేకపోయాను.

"ఏమయ్యో! మాటలు తర్వాత. నీళ్లన్నీ బోదెలోకి పోతన్నాయ్, కనపట్టంలా?" గట్టుమీంచి బాబాయ్ కేకేశాడు. ఆయన మా అన్నయ్యని అలా కేకెయ్యడం నేనెప్పుడూ వినలేదు.

"ఆఁ ఆఁ, వస్తన్నా బాబాయ్" అంటూ అన్నయ్య పైపు లాక్కుంటూ అటు పరిగెత్తాడు.