నీళ్ళు ఉత్తరానికి నడిచిన మాఘమాసం

ఈ ఆదివారం మంగినపూడి బీచ్‌కి వెళ్ళినప్పుడు మా పాప తడి ఇసుకలోంచి రూపాయి బిళ్ళంత నీలిరంగు వస్తువొకదాన్ని ఏరి, గుప్పిట్లో దాచుకుని నా దగ్గరకు పరుగెత్తుకొచ్చింది. చూడగానే ముందు కుడుతుందేమోనని భయం, ఆ వెంటనే చెప్పలేనంత సంబరం కలిగాయి. ఒక చేత్తో పాప వేళ్ళు కడుగుతూనే, రెండో చేత్తో ఆ బిళ్ళను ఎండకు ఎత్తిపట్టి, పక్కన నిలబడ్డ ముక్కూ మొహం తెలియని వాళ్ళకు కూడా ఇది జెల్లీ చేపలకు దాయాది అండీ, ఎటు గాలి తోస్తే అటు తేలిపోవడమే దీని పని అని ఒకటే చెప్పుకుపోయాను. గుడివాడ బస్సు ఎక్కేదాకా మా వారు నవ్వుతూనే ఉన్నారు. పాపకి దురద వస్తుందేమోనని ఇప్పటికి నాలుగుసార్లు లేచి చెయ్యి చూశాను. ఏమీ లేదు, హాయిగా నిద్రపోతోంది. నిద్ర రానిది నాకే, అందుకే కాగితం కలం ముందు పెట్టుకున్నాను.

తొంభైల్లో బీఎస్సీ చదివినవాళ్ళకి జువాలజీ రికార్డు గుర్తుండే ఉంటుంది. హెచ్.బి. పెన్సిల్ ముక్కు చెక్కుకుంటూ ఒబీలియా బొమ్మ ఎన్నిసార్లు చెరిపి గీశామో! నేను బందరులో ఆ చదువు చదువుతున్నప్పుడు మా ఊళ్ళో, అంటే బందరు పక్కనే సముద్రం మీద బతికే మా పల్లెలో, డిగ్రీ మెట్టెక్కిన మొదటి ఆడపిల్లని నేనే. ఆ గొప్ప నాకెంత ఉందో మా నాన్నకి అంతకు పదింతలు ఉండేది. రికార్డులో నేను గీసిన జెల్లీ చేపను వేలితో తాకకుండా, కొంచెం ఎడంగా పెట్టుకుని చూసి, ఇది నిజంగానే కుట్టేట్టుందే అని మురిసిపోయేవాడు.

రెండో సంవత్సరం చదువుతుండగా, మాఘమాసంలో, అవి నిజంగానే వచ్చాయి. తెల్లగా, పళ్ళెమంత వెడల్పున, గంజి పేరుకున్నట్టుండే ముద్దలు; మా ఇంట్లో వాటిని జిగురుముద్దలు అనేవాళ్ళం. ఒకటీ రెండూ అయితే విదిలించి పారెయ్యొచ్చు. వేలకొద్దీ వలలో పడితే ఆ బరువుకి వల పైకి రాదు, లాగితే పిగిలిపోతుంది, విడిపిస్తుంటే మోచేతుల దాకా మంట. నాన్న వల అప్పటికే రెండుసార్లు చిరిగింది. కొత్తది వేసే స్తోమత లేదు. మా మేనమామ బంటుమిల్లి దగ్గర రొయ్యల చెరువుల మీద పనిచేసేవాడు, అక్కడ కాపలా మనిషి కావాలని కబురు తెచ్చాడు. ఇంకొక్కసారి వల పోతే అమావాస్య నాటికి చెరువు గట్టు మీదకి వస్తానని నాన్న మాటిచ్చేశాడు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ సముద్రం తప్ప తెలియని మనిషి కదలని నీళ్ళకు కాపలా కాయడం ఊహించుకుంటేనే నాకు అన్నం సయించేది కాదు.

అందుకని కాలేజీ లైబ్రరీలో దూరాను. ఒక పుస్తకంలో బంగాళాఖాతం పటం, అందులో చలికాలానికి మన తీరం పొడుగునా ఒకే ఒక్క బాణం, దక్షిణం వైపుకి. జెల్లీ చేప ఒళ్ళు ముడిచి విప్పుతూ కాస్త కదులుతుందే కాని ప్రవాహానికి ఎదురీదలేదని కూడా ఉంది. ఇంకేం, తేలిపోయిందనుకున్నాను. ఆ ముద్దలన్నీ దక్షిణాన దివిసీమ వైపుకి పోతున్నాయి, మనం ఉత్తరం దిక్కుకి వెళ్ళి వల వేస్తే చాలని నాన్నకి పటం వేసి మరీ చూపించాను.

మా వాళ్ళు మొదటి వల వేసే ముందు పసుపు కలిపిన గుప్పెడు మరమరాలు గంగమ్మకని నీళ్ళలో చల్లుతారు. మర్నాడు నాన్న చల్లిన మరమరాలు కూడా చక్కగా దక్షిణానికే తేలిపోయాయట. పుస్తకమూ, గంగమ్మా ఒకే మాట చెప్పారని ధైర్యంగా ఉత్తరాన వల వేశాడు. పడవ తిరిగొచ్చేసరికి సగం వల లేదు, ముద్దల బరువుకి లాగలేక కోసి వదిలేశారు. నాన్న చేతులు మండి వాచిపోయాయి. మా మేనమామ అరుగు మీద కూర్చుని, “బావా, ఇక వల ఎందుకు, అమ్మాయి పుస్తకాన్నే నీళ్ళలో వేసి చూడు, నాలుగు చేపలు చదువుకోడానికైనా వస్తయ్యి!” అన్నాడు. నాన్న నవ్వాడు. నేను లోపలికి వెళ్ళి ఏడ్చాను.

ఆ తర్వాత రెండో రోజున దివిసీమలోని నాగాయలంక నుంచి మా పిన్ని ఎండుచేపల బుట్టతో బస్సు దిగింది. నాన్న మోచేతులు చూస్తూనే, “అయ్యో బావగారూ, ఇవి ఇప్పుడు మీ మీద పడ్డయ్యా! పది రోజుల కిందట మమ్మల్ని వల ఎత్తనిచ్చినయ్యా? ఇప్పుడు మా వైపు వెతికినా ఒక్కటి లేదు,” అంది. పిన్ని మజ్జిగ తాగుతోంది, నేను ఆ మాట దగ్గరే ఆగిపోయాను. పది రోజుల కిందట దివిసీమ, ఇప్పుడు బందరు! అంటే అవి దక్షిణానికి పోవడం లేదు, దక్షిణం నుంచి వస్తున్నాయి.

మిగిలిన వలకు కన్నాలు కుడుతున్న నాన్న తలెత్తకుండానే నెమ్మదిగా అన్నాడు: “ఆ రోజు వల తాడు నా చేతిలో ఉత్తరానికే లాగిందమ్మా. నీ పుస్తకంలో దక్షిణానికని ఉంది కదా, నా చెయ్యే పొరపాటు పడిందేమో అనుకున్నా.”

మరి చెప్పవేం నాన్నా అని గట్టిగా అరిచాను.

“చదువుకున్నదానివి, నీకెట్టా చెప్తాను?”

ఆ మాట ఎక్కడ గుచ్చుకోవాలో అక్కడే గుచ్చుకుంది. కాని, నిజం చెప్పొద్దూ, అప్పుడు నాకు బాధకంటే ఉత్సాహమే ఎక్కువగా ఉంది. మరమరాలు పైన తేలతాయి, వాటిని తోసేది గాలి. గాలి ఇంకా ఈశాన్యం నుంచే వీస్తోంది. ఒడ్డుకు కొట్టుకొచ్చే నీలి బిళ్ళలూ అంతే. తెల్ల ముద్దలు నీళ్ళలో మునిగి ఉంటాయి, వాటిని మోసేది నీరు. ఆ నీరు గాలికంటే ముందే ఉత్తరానికి తిరిగిపోయింది. రెండూ ఒకే కుటుంబానివి, ఒకే సముద్రంలో ఉండి చెరో దారి పడుతున్నాయి! ఇది ఏ పుస్తకంలోనూ చదవలేదు, నాన్న చేతిలోని తాడూ, పిన్ని మాటా కలిపితే నా ఎదుటే నిలబడింది. కాళ్ళు నేల మీద ఆనలేదు.

తెల్లవారి నాన్న పడవలోకి ఎండు కొబ్బరికాయ ఒకటీ, రాయి వేసిన మట్టి ముంత ఒకటీ ఇచ్చాను. ముంతను రెండు బారల తాడుతో ఒక చిన్న బెండుకు వేలాడదీశాము. ఆడవాళ్ళం పడవ ఎక్కకూడదు కనుక నేను ఒడ్డునే ఉండిపోయాను. రెండూ ఒకేసారి వదిలితే కొబ్బరికాయ దక్షిణం దారి పట్టిందనీ, ముంత కట్టిన బెండు గాలికి ఎదురు నడిచిందనీ నాన్న వచ్చి చెబుతుంటే పడవలో వాళ్ళు పక్కనుంచి చేతులూపుతూ సాక్ష్యం పలికారు. ముద్దలు వచ్చిన దారి ఇప్పుడు ఖాళీగా ఉండాలి. ఆ మర్నాడు నాన్న ఆ అతుకుల వలతోనే దక్షిణాన హంసలదీవి దిక్కుగా వెళ్ళాడు.

అమావాస్య ఇంక మూడు రోజులుంది. పొద్దు తిరిగినా పడవ కనబడలేదు. ఆ రోజు కాలేజీ ఎగ్గొట్టి ఒడ్డున నిలబడ్డాను. పక్కనే మా అమ్మ. పడవ దగ్గరికొచ్చాక నాన్న వల అంచు పట్టుకుని పైకెత్తి చూపించాడు. వల నిండా చేపలే, చందువాలు, కానాగంతలు. జిగురుముద్దలు ఏ పదో ఉన్నాయేమో. మా మేనమామ మోకాలి లోతు నీళ్ళలోకి దిగి పడవ లాగుతూ, “సరేలే బావా, ఆ చెరువుకి కాపలా నేనే కాస్తాలే!” అన్నాడు.

అప్పట్నుంచీ నాన్న ఒడ్డెక్కగానే కాళ్ళు కూడా కడుక్కోకుండా ఆ రోజు నీళ్ళు ఎటు నడిచాయో నాకు చెప్పేవాడు, నేను రాసుకునేదాన్ని. పెళ్ళయి గుడివాడ వచ్చాక ఎస్‌టీడీ బూత్ నుంచి ఫోన్ చేసేవాడు; క్షేమ సమాచారాలు లేవు, అల్లుడి ఊసు లేదు, “అమ్మాయ్, నీళ్ళు తిరిగినయ్యి,” అని చెప్పి పెట్టేసేవాడు. ఇప్పుడు నాన్న ఇంజను బోటు మీద పోతున్నాడు, జేబులో సెల్ ఉంది, రోజూ మాట్లాడుకుంటాం. నేను బీపీ మాత్ర వేసుకున్నావా అంటాను, ఆయన పాపకి దగ్గు తగ్గిందా అంటాడు, ఇద్దరం జాగ్రత్తలు చెప్పుకుని పెట్టేస్తాం. నీళ్ళు ఎటు నడుస్తున్నాయి నాన్నా అని నేను ఆఖరుసారి అడిగింది ఏ సంవత్సరమో ఇందాకటి నుంచీ గుర్తు చేసుకుంటున్నాను. గుర్తు రావడం లేదు.