చుక్క మీద బొటనవేలు

జనన గణాంకాల ఆఫీసులో ఆయన్ని అందరూ గీతల బాబాయి అంటారు. నీలం పెన్సిలు మొనని నాలుకతో తడిపి తడిపి కింది పెదవి మీద మచ్చ పడిపోయింది. వెయ్యిమంది జనానికి ఏటా ఎందరు పిల్లలు పుట్టారో చెప్పే పటంలో మన దేశానిది నీలం గీత, పక్క దేశానిది ఎర్ర గీత. నలభై ఏళ్లుగా రెండూ పోటీపడి కిందికి దిగుతున్నాయి. నీలం గీత ఒక మెట్టు ఎక్కువ దిగిందంటే చాలు, సొంతింటి పరువు పోయినట్టు నిట్టూరుస్తాడు.

మొన్న ఆదివారం నుంచీ ఎవరైనా ఆ పటం చూడ్డానికొస్తే, నీలం గీత మీది ఒక సంవత్సరం చుక్కకి బొటనవేలు అడ్డం పెడుతున్నాడు. ఆ ఆదివారం ఇంట్లో బల్ల మీద పటం పరుచుకుని కూర్చుంటే వాళ్ళక్క వచ్చింది. కళ్ళజోడు సర్దుకుని, సంవత్సరాలన్నీ వేలితో వెతుక్కుంటూ వెళ్ళి ఆ చుక్క దగ్గర ఆగింది.

"ఒరేయ్, మా బాబు పుట్టింది ఈ సంవత్సరమే. వాడూ ఇందులో ఉంటాడుగా?" అంది, మొహం వెలిగిపోతూ. చనిపోయి పుట్టిన ఆ బిడ్డ మాట ఆమె ఎత్తడం ముప్ఫై ఏళ్లలో అదే మొదలు.

ఆయన తలెత్తకుండానే, కొత్త గుమాస్తాకి చెప్పినట్టు, "ఉండడక్కా, ప్రాణంతో పుట్టినవాళ్ళనే లెక్కేస్తాం" అనేశాడు. నాలుక కరుచుకునేలోపే మాట దాటిపోయింది. తల కొట్టేసినట్టయింది.

అక్క వేలు వెనక్కి తీసుకుంది. చుక్క మీద పడిన తన వేలిముద్రని మెల్లిగా తుడిచి, "అవున్లేరా. నీ పటం పాడుచేశానేమో, చూడు" అంది.