నా మోచేతిలో గేట్లు

అమీర్‌పేటలోని ఒక మెడికల్ ఎంట్రన్స్ కోచింగ్ సెంటర్లో నేను పదహారేళ్లుగా జంతుశాస్త్రం చెబుతున్నాను. చెబుతున్నాను అనడం కన్నా అప్పజెప్పించుకుంటున్నాను అనడం న్యాయం. రక్త ప్రసరణ పాఠంలో, దాన్ని కనిపెట్టిన వైద్యుడికి దక్కేది ఆయన పేరు మాత్రమే. నాలుగు ఆప్షన్లలో పిల్లలు ఆయన్ని గుర్తుపడితే ఆ మహానుభావుడి జన్మ ధన్యం.

ఆమధ్య మధురానగర్ హాస్టల్లో ఉండే ఒక అమ్మాయి క్లాసులో లేచి నిలబడింది.

"మేడమ్, గప్పుడు మైక్రోస్కోపులు సుత సరిగ లేవు కదా. రక్తం చుట్టు తిరుగుతదని ఆయనకెట్ల తెలిసింది?"

నాకు తెలీదు. కానీ ఇంత అనుభవజ్ఞురాలు ఆ మాట అనకూడదు కదా! "అది పరీక్షకు రాదమ్మా, కూర్చో" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆ అమ్మాయి తల దించుకుని కూర్చుంది.

ఆ దించుకున్న తల గుర్తొచ్చి, ఇంటికెళ్లి చదివాను. తిన్న తిండి కాలేయంలో రక్తంగా మారి, పొలానికి పెట్టిన నీళ్లలా ఒంట్లో ఇంకిపోతుందని పూర్వం ఒక గ్రీకు వైద్యుడు చెప్పాడట. పధ్నాలుగు వందల ఏళ్లు వైద్యులంతా దాన్నే బట్టీపట్టి పాసయ్యారు. మా సెంటర్ మెటీరియల్ మీద మాకున్న భక్తికి ఇంత చరిత్ర ఉందని తెలిసి ఊరట కలిగింది. చివరికి నాలుగు వందల ఏళ్ల కిందట మా పాఠంలోని ఆ ఇంగ్లీషు వైద్యుడు కూర్చుని లెక్క వేశాడు. గుండె అరగంటలో తోసే రక్తం మనిషి ఒంట్లో ఉన్నదానికన్నా ఎక్కువ వచ్చింది. అంత రక్తం పుట్టాలంటే ఎంత తినాలి? అంటే ఉన్న రక్తమే చుట్టూ తిరిగి వస్తోందన్నమాట. ఆపైన చేతికి కట్టు కట్టి ఏదో ప్రయోగం చేశాడు. అది రెండుసార్లు చదివినా నా బుర్రకెక్కలేదు.

ఆ శనివారం థైరాయిడ్ పరీక్ష కోసం పంజాగుట్టలో ఒక ల్యాబుకు వెళ్లాను. రక్తం తీసే ఆవిడకు నలభై ఏళ్లుంటాయి. నా చేతికి రబ్బరు పట్టీ కట్టి, "పిడికిలి జర గట్టిగ పట్టుండ్రి మేడమ్" అంది. సూదంటే నాకు భయం. భయం పోగొట్టుకోవడానికి ఆవిడకు ఆ వైద్యుడి కథ చెప్పడం మొదలుపెట్టాను. పాఠం చెప్పే జబ్బుకు ఏ ల్యాబులోనూ పరీక్ష లేదు.

"ఆయన గిట్ల చేసిండా?" అని ఆవిడ ఉబ్బిన సిర మీద ఒక వేలు నొక్కిపెట్టి, రెండో వేలితో రక్తాన్ని పైకి తోసింది. సిరలో ఆ కాస్త మేరా చదునైపోయింది. పై వేలు తీసేసింది. రక్తం వెనక్కి దిగలేదు. కింది వేలు తీయగానే కిందినుంచి నిండింది.

"గీ ముడి లెక్క ఉన్నది చూడుండ్రి, గది గేటు. పైకే పోనిస్తది, కిందికి రానియ్యది. గేటు కాడ సూది పెడితే రక్తం సరిగ రాదు."

"ఎవరు నేర్పారు?"

"ఎవరు నేర్పుతరు మేడమ్? రోజంతా చేతులే కదా చూసేది."

పదహారేళ్లు బోర్డు మీద రంగు చాక్‌పీసులతో ఆ కవాటాలు గీశాను. అవి నా చేతిలోనూ ఉన్నాయన్న సంగతి ఒక్కసారీ తట్టలేదు.

సోమవారం ఆ అమ్మాయిని ముందుకు పిలిచాను. "ఆ రోజు నాకు తెలీక నీ నోరు మూయించానమ్మా" అని అందరి ముందూ చెప్పి, ల్యాబులో చూసిన గేట్లు చూపించడానికి నా చేతికి కర్చీఫ్ కట్టించుకున్నాను. తనే వేలితో తోసి చూసింది.

"అమ్మో, దిగుతలేదు మేడమ్!"

క్లాసంతా బెంచీలు దాటి వచ్చింది. ఆ గోలకు డైరెక్టర్ గారు పరిగెత్తుకొచ్చారు.

"ఏంటి మేడమ్, ఎవరికైనా బాలేదా?"

"రక్త ప్రసరణండీ."

"అది గురువారమే అయిపోయిందిగా! ఇవాళ మూత్రపిండాలు."

రక్తం చుట్టూ తిరుగుతుందని రాసిన పుస్తకం అచ్చయ్యాక ఆ ఇంగ్లీషు వైద్యుడి దగ్గరికి రోగులు రావడం తగ్గిందట. నా దగ్గర్నుంచి టాప్ బ్యాచ్ తీసేశారు. ఆ రకంగా నేనూ మహామహుల సరసన చేరాను. ఆ అమ్మాయి మాత్రం సందేహాలుంటే స్టాఫ్ రూముకే రావడం మొదలుపెట్టింది. సందేహాలు ఎప్పుడూ ఉండేవి.

వారం తర్వాత డైరెక్టర్ గారు క్యాబిన్‌కు పిలిచి తలుపు వేశారు. చొక్కా చెయ్యి పైకి మడిచి ఉంది. దండచేతికి కర్చీఫ్ బిగించి ఉంది.

"నాకు ఒక్క గేటూ కనిపించట్లేదు మేడమ్. ఏమైనా ప్రాబ్లమా?" అన్నారు మెల్లగా.

"కట్టు మరీ బిగించారండీ. అసలు చేతిలోకి రక్తమే రావట్లేదు" అని కాస్త వదులు చేశాను. సిరలు లేచాయి. ఆయన వేలితో తోసి, వదిలి, మళ్లీ తోసి, చాలాసేపు తన చేతినే చూస్తూ ఉండిపోయారు.

బ్యాచ్ మాత్రం తిరిగి ఇవ్వలేదు.