కల్లు రుచి మరిగిన చీమలు

2011 ఫిబ్రవరిలో నేను అప్పటి కరీంనగర్ జిల్లా కథలాపూర్‌లో మండల వ్యవసాయ అధికారిని. పుట్టి పెరిగింది సిరిసిల్లలో, మరమగ్గాల చప్పుడు మధ్య. చదివింది కీటకశాస్త్రం. తెలంగాణ కోసం ఉద్యోగులందరం సహాయ నిరాకరణ చేస్తున్న రోజులవి. అంటే ఆఫీసుకు వస్తాం, సంతకం పెడతాం, ఫైలు మాత్రం ముట్టం. జీపు కదలదు, స్టోరు తాళం తీయం, మందుల కోసం జగిత్యాల డివిజన్ ఆఫీసుకు ఇండెంటు రాయం. మా సీనియర్ అసిస్టెంటు సత్తయ్య ఇంటి నుంచి క్యారమ్ బోర్డు తెచ్చి నా టేబుల్ పక్కనే వేశాడు. ఉద్యమం మీద నాకు నమ్మకం లేక కాదు గాని, ఖాళీగా కూర్చోవడం నా ఒంటికి పడదు. రెండు రోజులకే చిరాకెత్తిపోయింది.

అలాంటప్పుడు రాజేశం వచ్చాడు. దగ్గరి ఊళ్లో తాటిచెట్లు గీసి కల్లు తీసే మనిషి. రెండు చేతులూ చాచి నా ముందు పెట్టాడు. మోచేతుల దాకా తెల్లటి చీము పొక్కులు.

“చెట్టెక్కుతుంటే సీమలు పట్టుకుంటున్నయ్ మేడం. గంత పైన చేతులిడిచి గోక్కోవాల్నా, పానం కాపాడుకోవాల్నా?” అన్నాడు.

ముందురోజు సాయంత్రం కాలు జారి, నడుముకున్న మోకు మీద వేలాడాడట. మరి నాలుగు రోజులు ఎక్కకుండా ఉండరాదా అని సత్తయ్య సలహా ఇచ్చాడు. రాజేశానికి కోపం వచ్చింది. తాటి గెలను పూటపూటా కొద్దిగా గీస్తేనే కల్లు కారుతుంది. వదిలేస్తే గెల ఎండిపోతుంది, ఆ చెట్టు మీద ఆ ఏటి సంపాదన అంతటితో సరి. “ఎక్కకుంటే గెలలు ఎండుతయ్, ఎక్కితే నేను పడుడే” అన్నాడు. నేను స్కూటీ తాళం చేతికి తీసుకున్నాను. చీమల్ని చూడటానికి ఫైలు అక్కర్లేదు కదా.

చూడగానే పోల్చుకున్నాను. చెట్ల మొదళ్ల దగ్గర పొడి మట్టి కుప్పలు, వాటి నిండా బెజ్జాలు. పుల్ల పెట్టి కదిలిస్తే ఒక్కసారిగా వందలు బయటికొచ్చాయి. కొన్ని చిన్నవి, కొన్నింటికి ఒంటికి మించిన తలకాయలు. పుస్తకాల్లో వీటిని నిప్పుచీమలంటారు. ఒక్కో చీమ కోరలతో చర్మాన్ని పట్టుకుని, తోక వైపు ముల్లుతో మళ్లీ మళ్లీ పొడుస్తుంది. మర్నాటికి పొక్కు లేస్తుంది. పక్కనే నిరుడు వానాకాలం పెట్టిన మామిడి తోట ఉంది. నర్సరీ నుంచి మొక్కతో పాటు సంచిలో వచ్చిన మట్టిలో ఒక్క రాణి చీమ ఉన్నా చాలు, కాపురం మొదలవుతుంది.

ఈ సంగతి చెబితే, స్కూటీ వెనక కూర్చుని వచ్చిన సత్తయ్య “అంటే ఇవి నాన్‌లోకల్ చీమలన్నట్టు” అని నవ్వాడు. అసలు పుట్టిల్లు అమెరికా ఖండమనీ, ఏనాడో ఓడ సరుకుల్లో మన దేశానికి వచ్చాయనీ చెప్పాను. వీటిని పంపించడానికి ఏ జీవో సరిపోదు.

ఇంతలో ఒక చెట్టు దగ్గర ఘాటు వాసన ముక్కుకు తగిలింది. వంగి చూస్తే మొదట్లో పురుగుమందు గుళికలు. వరిలో కాండం తొలిచే పురుగుకు తెచ్చి మిగిలినవి రాజేశమే చల్లాడట, అదీ అన్నిటికంటే ఎక్కువ కల్లు పారే చెట్టుకు. ఆ గుళికల విషం వేళ్ల గుండా చెట్టులోకి ఎక్కే రకం. ఈ ఏడు ఈ చెట్టు కల్లు ఎవరికీ పోయొద్దని అక్కడికక్కడే చెప్పేశాను.

“గీ చెట్టే నా ఇల్లు నడుపుతున్నది మేడం! సీమలను సంపుమంటే చెట్టునే ఇడువుమంటున్నరేంది?” అని గొంతు పెంచాడు. నేనూ తగ్గలేదు. కానీ నోటీసు ఇచ్చే రోజులు కావు, కాపలా పెట్టడానికి మనుషులూ లేరు. మాట చెప్పాను, అంతే. రాజేశం మోకు భుజాన వేసుకుని పక్క చెట్టు వైపు నడిచాడు.

మిగతా చెట్లకు మార్గం చూడాలి. మామిడికైతే మొదలు చుట్టూ గ్రీజు పట్టీ వేయమంటాం. తాటిచెట్టుకు అది రాస్తే గీసేవాడి కాలు జారుతుంది. కుప్పల మీద కిరసనాయిలు పోస్తే చీమలు రాణుల్నీ పిల్లల్నీ తీసుకుని పక్కకు జరిగి రెండు కాపురాలు పెడతాయి. దారి ఒక్కటే, ఎర. తిన్న చీమ వెంటనే చావకూడదు. పుట్టలోకి మోసుకుపోయి రాణి దాకా పంచాలి. అందుకు మందు నిదానంగా పనిచేసేది కావాలి.

బెల్లంలో కలుపుదామని రాజేశం భార్య లచ్చవ్వ అంది. ఒక ఆకు మీద బెల్లం, ఇంకో ఆకు మీద నూనెలో నలిపిన పల్లీలు పెట్టి చూపించాను. బెల్లం వైపు ఒక్క చీమా పోలేదు. పల్లీలు కనపడకుండా కమ్మేశాయి. నెత్తిమీద పూటపూటా కల్లు దొరుకుతుంటే తీపి ఎవరికి కావాలి? పిల్లలకు పెట్టడానికి వాటికి నూనె, మాంసకృత్తులు కావాలి.

మందుగా బోరిక్ పౌడరు చాలు. బంద్ వల్ల కోరుట్లలో దుకాణాలన్నీ మూతపడ్డాయి. ఆఫీసుకొచ్చి క్యారమ్ బోర్డు పక్కనున్న డబ్బా తిప్పి చూశాను. మీద రాసి ఉన్నది అదే. సత్తయ్య లబోదిబోమన్నాడు. “స్ట్రైకర్ ఎట్ల జారాలె మేడం?” అంటే, ఉద్యమంలో మీ వంతు త్యాగమనుకోండి అని డబ్బా సంచిలో వేసుకున్నాను.

కొద్దిపాటి పౌడరు పల్లీల ముద్దలో కలిపి, కోళ్లూ మేకలూ ముట్టకుండా పైపు ముక్కల్లో కూరి, చీమల బారుల పక్కన పెట్టించాను. వాటి పుట్టల్ని ఎవరూ కదపొద్దన్నాను. అందాకా రాజేశం పొద్దున చలి వదలకముందే, చీమలు మందకొడిగా ఉన్నప్పుడే, మొదలు దులిపి ఎక్కాడు. మూడో వారానికి తాటిచెట్ల కింద బారులు ఆగిపోయాయి. మామిడి తోటలో మాత్రం ఉన్నాయి, ఇప్పటికీ ఉండే ఉంటాయి. ఈ చీమను ఊళ్లోంచి తుడిచేయలేం, మనకు అవసరమైన చోట లేకుండా చేయగలం.

ఆఖరుసారి వెళ్లినప్పుడు రాజేశం లేడు. నేను నేరుగా ఆ గుళికల చెట్టు దగ్గరికి నడిచి తలెత్తి చూశాను. కుండలు దించేసి ఉన్నాయి. గెలలు నల్లగా ఎండిపోయి ఉన్నాయి. లచ్చవ్వ నా వెనకే వచ్చింది.

“మీరు జెప్పిపోయిన తెల్లారే ఇడిచిపెట్టిండు మేడం. మా పిల్లలు గూడ గదే తాగుతరు గదా” అంది.

మందు ఎలా వేయించాలో శాఖ మాకు ఎన్నో శిక్షణలిచ్చింది. మందు పడ్డ పంటను వదులుకోమని దాని మీదే బతికేవాడికి ఎలా చెప్పాలో ఏ శిక్షణలోనూ లేదు. ఆ తరువాత రిటైరయ్యేదాకా, ఏ పొలంలో అడుగుపెట్టినా పురుగును చూడకముందే నేను అడిగిన మొదటి ప్రశ్న ఒక్కటే. ఇప్పటికే ఏం చల్లారు?