క్యారేజీ మరిచిపోయిన బాతు

నా చిన్నప్పుడు, చుట్టూ హిందీ మాట్లాడే గోల్‌మురి ఫ్యాక్టరీ కాలనీలో, మా క్వార్టర్ మొత్తానికీ బొమ్మల పుస్తకం ఒక్కటే. హిందీది. అందులో ఒక బాతు ఉండేది. రెండేళ్ల మా తమ్ముడికి ఆ బాతు లేనిదే ముద్ద దిగేది కాదు. మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చిన మా తాతయ్య వాణ్ని ఒళ్లో వేసుకుని చదివేవాడు. ముద్దకో పేజీ. పుస్తకానికి ఎనిమిదే పేజీలు కాబట్టి బాతు రోజూ మూడుసార్లు బయలుదేరాల్సి వచ్చేది.

బాతు పొద్దున్నే డ్యూటీకి వెళ్తూ అన్నం క్యారేజీ ఇంట్లో మరిచిపోతుంది. సగం దారిలో సైరన్ మోగుతుంది. వెనక్కి వెళ్తే హాజరు పోతుంది, ముందుకు వెళ్తే అన్నం పోతుంది. తర్వాత కాలేజీలో చదివిన లావుపాటి నవలల్లో కూడా ఇంత ఉత్కంఠ నాకు దొరకలేదు.

ఒకరోజు తాతయ్య ఓవర్‌టైమ్‌లో ఉండిపోయాడు. తమ్ముడు నోరు తెరవలేదు. బళ్లో నాకు హిందీ అక్షరాలు అప్పుడే వచ్చాయి కాబట్టి పుస్తకం తీసి నేనే చదివాను. బాతు చెరువుకు వెళ్లింది. ఈదింది. ఇంటికి వచ్చింది. అంతే. తమ్ముడు "ఐసా నహీ హై!" అని, అలా కాదంటూ గిన్నె తన్నేశాడు.

సాయంత్రం తాతయ్య సైకిల్ దిగీ దిగకముందే, ఇంటిల్లిపాదీ వినేలా నా పరిశోధన ప్రకటించాను.

"తాతయ్యా, నువ్వు చదివేదంతా తప్పు. అందులో క్యారేజీ లేదు, సైరనూ లేదు."

వంటింట్లో అమ్మ చేస్తున్న చప్పుడు ఆగిపోయింది. ఆయనకు హిందీ చదవడం రాదని నాకు తప్ప అందరికీ తెలుసట.

తాతయ్య నిదానంగా సైకిల్‌కు స్టాండు వేశాడు.

"నాకా అచ్చరాలు రావమ్మా. నువ్వు రైటే సదివుంటావు. మరి ఆడు తిన్నాడేటి?"

తినలేదు.

ఆయన చేతులు కడుక్కుని, తమ్ముణ్ని ఒక పక్కన, నన్ను ఇంకో పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మూడో పేజీ దగ్గర ఆగి, "ఇక్కడేటవుద్దో నువ్వు సెప్పు," అన్నాడు నాతో. కాసేపు అక్షరాల వంక చూశాను. "సైరన్ మోగుద్ది," అన్నాను. తమ్ముడు నోరు తెరిచాడు.

ఇప్పుడు అదే ఊళ్లో, సోనారిలో, మా మనవడికి అల్మరా నిండా పుస్తకాలున్నాయి. వాడికి కావలసింది మాత్రం ఒకే ఏనుగు, పూటకు నాలుగుసార్లు. ఆ ఏనుగుకూ మతిమరుపే. ఈ ఏడే చదవడం నేర్చిన వాడి అక్క మొన్న నా భుజం మీదుగా పేజీలోకి తొంగిచూసింది.

"నానమ్మా, యే తో లిఖా హీ నహీ హై."

రాసి లేదని ఒప్పుకున్నాను. పుస్తకం దాని చేతికిచ్చి, సైరన్ ఏ పేజీలో మోగాలో చూపించాను.