అద్దం మీద చుక్కలు

ఆ ఊళ్ళో ఏ పెద్ద కిటికీ పగిలినా ముందు కబురు వెళ్ళేది అద్దాలాయనకే. మెయిన్ రోడ్డు మీది షోరూములకీ, బ్యాంకుకీ, కొత్తగా కట్టిన పళ్ళ ఆసుపత్రికీ నిలువెత్తు అద్దాలు బిగించింది ఆయనా, ఆయన బావమరిదీ. ఆ దారిన వెళ్తుంటే ఆయన నడక తనంతట తానే నెమ్మదించేది. తన పని చూసుకుని మురిసిపోవడానికి ఆయనకేమీ మొహమాటం లేదు.

పక్షుల పిచ్చి ఆయనది కాదు, భార్యది. ఆమె లైబ్రరీలో పుస్తకాలు సర్దే ఉద్యోగి. పక్షుల క్లబ్బువాళ్ళు ఆ లైబ్రరీ మేడమీది హాల్లో నెలనెలా ఉపన్యాసం పెట్టేవారు. ఎవరైనా రావచ్చు. కుర్చీలు వేయడానికి ఉండిపోయిన ఆమె వినడానికి కూర్చుంది, చివరికి క్లబ్బులోనే చేరిపోయింది. ఒక సాయంత్రం మనిషి సాయం కావాలని భర్తను వెంటబెట్టుకెళ్ళింది.

“కుర్చీలు వేసి వచ్చేస్తా,” అన్నాడాయన.

“వేసినవాళ్ళే తీయాలి. అందాకా కూర్చోండి.”

ఆ రోజు మాట్లాడింది కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే లెక్చరరమ్మ. అద్దాలకు గుద్దుకుని చచ్చిపోయే పిట్టల గురించి చెప్తోంది. తెర మీద ఒక ఫొటో పడింది. మెట్ల మీద పచ్చటి పిట్ట, మెడ వాలిపోయి ఉంది. వెనకున్న అద్దంలో చెట్టు కనిపిస్తోంది. అదే నిజం చెట్టనుకుని పిట్టలు దూసుకొస్తాయని ఆమె చెప్పింది. ఆ మెట్లు పళ్ళ ఆసుపత్రివి. అద్దాలాయన కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

ప్రశ్నలడగమనగానే లేచి నిలబడ్డాడు.

“ఆ అద్దం నేను బిగించిందేనండీ. మేమేదో పిట్టల్ని చంపడానికే పెట్టినట్టు చెప్తున్నారే!”

హాలంతా వెనక్కి తిరిగింది. భార్య తల దించుకుంది.

“మిమ్మల్ని అనలేదండీ,” అంది లెక్చరరమ్మ. “మీరెవరో కూడా నాకు తెలీదు.”

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన కుర్చీలు తీయకుండానే ఇంటికి వెళ్ళిపోయాడు.

“నలుగురిలో నా పరువు తీశారు,” అంది భార్య ఇంటికి రాగానే.

“ముందు నా పరువు తెర మీద వేసి చూపించారుగా!”

ఆ పూట ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా భోంచేశారు.

మర్నాడు పొద్దున ఆయన తలుపు పిడి చూసే వంకతో పళ్ళ ఆసుపత్రికి వెళ్ళాడు. అక్కడ ఊడ్చే మనిషిని అడిగితే, “అవునన్నా, పడుతుంటాయి. ఎత్తి పారేస్తుంటా. కానీ నీ అద్దం మంచిదన్నా, తుడిస్తే మరక ఉండదు,” అంది.

ఆమె మాట పూర్తయ్యేలోపే అద్దం మీద దబ్బుమని చప్పుడైంది. మెట్ల మీద బూడిదరంగు పిట్ట. ఆయన చేతిలోకి తీసుకున్నాడు. గోరువెచ్చగా ఉంది, బరువే తెలియడం లేదు. ఒకసారి కన్ను తెరిచి మూసింది. మళ్ళీ తెరవలేదు. దాన్ని ఎక్కడ పెట్టాలో తోచక, చివరికి పూలకుండీలో మట్టి తీసి పూడ్చాడు.

సాయంత్రం తన షాపులో, పిట్టల్ని బెదరగొట్టడానికి స్టిక్కరు కాగితంతో గద్ద బొమ్మ ఒకటి కత్తిరిస్తుంటే భార్య చూసింది.

“అది పనిచెయ్యదు. ఒక్క బొమ్మ అంటిస్తే దాని పక్క నుంచి వస్తాయి. ఆవిడనే అడగండి,” అని నంబరు కలిపి ఫోను చేతిలో పెట్టింది. ఏం చెయ్యాలో ఆయనే అడిగాడు. లెక్చరరమ్మ పాత మాటేదీ ఎత్తలేదు. అద్దానికి బయటివైపు, రెండంగుళాలకొకటి చొప్పున, మొత్తం నిండేలా స్టిక్కరు చుక్కలు పెట్టమంది. అంత ఇరుకు సందుల్లోంచి దూరలేమని పిట్టలు పక్కకి తప్పుకుంటాయట.

“మచ్చలేని అద్దమని చెప్పి అమ్మింది మనమే కద బావా, ఇప్పుడు మచ్చలు పెట్టేదీ మనమేనా?” అన్నాడు బావమరిది.

పళ్ళ డాక్టరు ఇంకో మెలిక పెట్టాడు. “అద్దానికి తట్టు పోసిందా అని నన్ను అడుగుతారయ్యా!”

“చెట్టు వైపున్న అద్దానికి ఒక్కదానికే పెడతానండీ. బాగోకపోతే నేనే గీకేస్తా.”

డాక్టరు ఒప్పుకున్నాడు. ఊడ్చే మనిషి లెక్కన, చుక్కలు పెట్టాక పిట్టలు పడటం బాగా తగ్గింది. పూర్తిగా మాత్రం ఆగలేదు. బ్యాంకువాళ్ళు కుదరదన్నారు. షోరూమువాళ్ళు చూద్దామన్నారు, ఇంకా చూస్తూనే ఉన్నారు.

కొన్నాళ్ళకు క్లబ్బువాళ్ళు ఆయన్నే మాట్లాడమన్నారు. ఇంట్లో అద్దం ముందు బాగానే చెప్పినవాడు, హాల్లో నిలబడేసరికి తడబడ్డాడు. తెచ్చిన అద్దం ముక్కను పైకెత్తి, “ఇదిగోండి, ఇలా అంటించాలి,” అని అంతటితో ఆపేశాడు. రాత్రిపూట ఎగిరే పక్షుల సంగతేమిటని ఎవరో అడిగితే లెక్చరరమ్మ వైపు చూశాడు. ఆమె లేచి జవాబు చెప్పింది. అయినా బయటికొచ్చాక ఒకావిడ తన బాల్కనీ అద్దాలకి చుక్కలు పెట్టమని అడ్రసు ఇచ్చింది.

ఇప్పుడాయన ప్రతి నెలా వెళ్తున్నాడు. బాతుల గురించి చెప్పిన రోజు మాత్రం గుర్రు పెట్టి నిద్రపోతే, భార్య మోచేత్తో పొడిచి లేపాల్సి వచ్చింది.